గాలిని కొలిచే లైటు

5 ఆగస్టు 2024

ఇవాళ కూడా పెరుగన్నం సాంబ్రాణి వాసన వేసింది. డబ్బా మూత బిగించే ఉంది. అయినా దూరింది. జుట్టు, చున్నీ, ఫోన్ కవర్, ఆ వాసన దేన్నీ వదలదు. మా నాన్నకి కొవ్వూరులో పూజా సామాన్ల కొట్టు. సాంబ్రాణి మా ఇంట్లో ఎవరికీ కొత్త కాదు. కానీ ల్యాబ్‌లో అది మెషీన్ ఆయిల్‌తో కలిసి ఇంకేదో అవుతుంది. చచ్చిన ఎలుక పక్కన కూర్చుని పూజ చేసినట్టుంటుంది. ఇంటికి రాగానే అమ్మ నన్ను వంటింట్లోకి రానివ్వదు. ముందు తలస్నానం చెయ్యమంటుంది.

మొన్న పిన్ని వచ్చినప్పుడు అడిగింది, లెక్చరర్‌వి అయ్యాక కూడా పీహెచ్‌డీ అంటున్నావు, ఇంతకీ ఏం చేస్తావే అని. గాలిని కొలుస్తాను అన్నాను. అందరూ నవ్వారు. నేను నిజమే చెప్పాను. పెద్ద ఇనుప గొట్టం, లోపల గిర్రున తిరిగే ఫ్యాన్. ఆ రెక్కల మధ్య గాలి ఎటు పోతోందో, ఎంత వేగంతో పోతోందో తెలియాలి. లోపల ఏ పుల్ల పెట్టి కొలిచినా ఆ పుల్లే గాలిని చెడగొడుతుంది. అందుకని లైటుతో కొలుస్తాం. గొట్టానికి చిన్న గాజు కిటికీ ఉంది. అందులోంచి రెండు ఆకుపచ్చ లేజర్ కిరణాలు లోపలికి వెళ్ళి ఒక చోట ఒకదాన్నొకటి దాటుకుంటాయి. ఆ చోటు బియ్యపు గింజ కన్నా చిన్నది. పొగ రేణువు ఒకటి అక్కడికొస్తే మినుకుమినుకుమంటుంది. ఎంత గబగబా మినుకుమంటే గాలి అంత వేగం. ఇంత అందమైన పద్ధతి నేను ఇంకొకటి చూడలేదు.

పొగ చేసే మెషీన్ ఒకటి విదేశం నుంచి వచ్చింది. వచ్చిన ఏడాదే పాడైంది. ఎవరూ బాగు చేయించలేదు. అందుకే నాన్న కొట్లోంచి సాంబ్రాణి.

మా హెచ్‌వోడీ వెంకటరత్నం గారే నా గైడ్. లేజర్ ఆన్ చేశామని తెలిస్తే చాలు, వస్తారు. ఆకుపచ్చ వెలుగులో సెల్ఫీ తీసుకుంటారు. వెళ్ళిపోతారు. ఇవాళ సెల్ఫీలో నా మోచెయ్యి పడిందని మళ్ళీ తీసుకున్నారు.

13 ఆగస్టు, సాయంత్రం

దొరికింది.

రెక్క కొసకీ గొట్టం గోడకీ మధ్య సన్నని సందు ఉంటుంది. ఫ్యాన్ మీద లోడ్ పెంచితే ఆ సందు దగ్గర గాలి వెనక్కి వస్తోంది. మొదట నమ్మలేదు. గాజు మీద మసి పట్టిందేమోనని తుడిచి మళ్ళీ చూశాను. అదే. ల్యాబ్ టెక్నీషియన్ త్రిమూర్తులు గారిని సాంబ్రాణి ఇంకా వెయ్యమన్నాను. మళ్ళీ అదే. గాలిని ముందుకు తొయ్యాల్సిన చోటే గాలి వెనక్కి తిరుగుతోంది. ఇలాగే మొదలై, లోడ్ ఇంకా పెరిగితే ఫ్యాన్ మొత్తం ఊపిరాడక వణికిపోతుంది. ఆ మొదలుని నేను పట్టుకున్నాను.

త్రిమూర్తులు గారికి చెప్పాను. 'అంటే ఫ్యాన్ పాడైపోయిందాండి' అన్నాడు. పాడవలేదు, మనకి మంచి డేటా వచ్చింది అన్నాను. 'అయితే మంచిదేనండి' అని మిగిలిన సాంబ్రాణి పొట్లం జేబులో పెట్టుకున్నాడు. రోజూ పెట్టుకుంటాడు. చూడనట్టు ఊరుకుంటాను. వాసనకి తోడు ఇదొకటి.

వెంకటరత్నం గారికి గ్రాఫ్ చూపించాను. ఆయన కంప్యూటర్‌లో వేసిన లెక్కలో గాలి వెనక్కి రాదు. పేపర్ అప్పుడే సగం రాసేశారు. 'నీ పాయింట్లు లైను మీదికి రావాలమ్మా' అన్నారు. లైను కంప్యూటర్‌ది సార్, గాలి ఫ్యాన్‌ది అన్నాను. నవ్వారు. 'గాలికేం తెలుసమ్మా' అన్నారు.

21 ఆగస్టు

నా పాయింట్లు ఆయనే జరిపారు. మౌస్‌తో, ఒక్కొక్కటీ పట్టుకుని, లైను మీదికి. భోజనం చేసిన చేత్తో. మౌస్ మీద ఆవకాయ నూనె. తర్వాత నేను అదే మౌస్ పట్టుకోవాల్సి వచ్చింది.

10 సెప్టెంబర్

గోదావరి ఎర్రగా గట్టు దాకా వచ్చింది. గామన్ బ్రిడ్జి మీద కాలేజీ బస్సు మెల్లగా పోతుంటే అందరూ వీడియోలు తీశారు.

వచ్చే వారం గ్రేడ్ ఇచ్చే కమిటీ వస్తుంది. కాలేజీకి పెళ్ళికళ. మూడేళ్ళుగా తలుపు పడని లేడీస్ టాయిలెట్‌కి ఇవాళ గడియ వేశారు. కడియం నుంచి పూలమొక్కలు వచ్చాయి, కుండీలతో సహా అద్దెకి. కమిటీ వెళ్ళగానే మొక్కలూ వెళ్ళిపోతాయి. మెకానికల్ బ్లాక్ గోడకి సున్నం వేస్తూ నోటీసు బోర్డు మీద కూడా వేసేశారు.

మా ల్యాబ్ షో పీస్ అట. ప్రిన్సిపాల్ గారు వచ్చి లేజర్ చూసి, సినిమాలో లాగా ఉందయ్యా అన్నారు. వెంకటరత్నం గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. నాతో మాట్లాడేటప్పుడు అవే చేతులు వెనక్కి వెళ్ళిపోతాయి.

13 సెప్టెంబర్

రెక్కలకి నల్ల పెయింట్ నేనే వేశాను, చేరిన కొత్తలో. మెరవని నలుపు. లైటు రెక్కకి తగిలితే అక్కడే చచ్చిపోవాలి, తిరిగి బయటికి రాకూడదు. అందుకని ఒక్కో రెక్కా విప్పి, గరుకు కాగితంతో రుద్ది, పెయింట్ వేసి, ఎండబెట్టి, మళ్ళీ బిగించాను.

ఇవాళ పొద్దున ల్యాబ్‌కి వెళ్ళేసరికి త్రిమూర్తులు గారు పాలిష్ పట్టే బఫింగ్ మెషీన్‌తో ఆ నలుపంతా గీకేస్తున్నాడు. అట్ల పెనంలా ఉంది, విజిటర్స్‌కి ఏం చూపిస్తాం అని సార్ అన్నారట. లైటు తిరిగొచ్చి ఎవరి కంట్లోనైనా పడుతుందండీ, ఎందుకు ఒప్పుకున్నారు అన్నాను.

'సార్ చెప్పారండి మరి. అయినా చూడండి మేడం, అద్దంలా లేదూ? మొహం కనపడతంది.'

నిజంగానే కనపడుతోంది. ఆయన తల దువ్వుకుని చూపించాడు.

వెంకటరత్నం గారి రూముకి వెళ్ళాను. మెరిసే రెక్కలతో లేజర్ వెయ్యకూడదు సార్, వేసినా అందరూ గాగుల్స్ పెట్టుకోవాలి అన్నాను. గాగుల్స్ పెట్టుకుంటే ఆ ఆకుపచ్చ కిరణమే కనిపించదు కదమ్మా, ఇంక వాళ్ళు చూసేదేంటి అన్నారు. పది నిమిషాల పనికి రాద్ధాంతం చెయ్యకు అన్నారు. ఆయన టేబుల్ మీద కమిటీకి ఇవ్వడానికి ఆత్రేయపురం పూతరేకుల డబ్బాలు. ఒకటి విప్పి ఉంది. మాట్లాడుతున్నంతసేపూ ఆయన పెదవి మీద కాగితంలాంటి తునక ఒకటి అతుక్కుని కదులుతూనే ఉంది. దాన్ని తప్ప ఇంకేమీ చూడలేకపోయాను.

19 సెప్టెంబర్, సాయంత్రం 6

జరిగింది జరిగినట్టు వరసగా రాస్తాను.

కమిటీ వాళ్ళు ముగ్గురు. భోజనం తర్వాత వచ్చారు. ఫ్యాన్ తిప్పాను. లేజర్ తక్కువ పవర్‌లో పెట్టాను, మామూలుగా కిరణాల్ని సరిచూసుకునేటప్పుడు పెట్టేంత. వెంకటరత్నం గారు ఇంగ్లీషులో ఏదో చెప్పారు. అందులో సగం తప్పు. ఒకాయన ఆవులించాడు. ఇంకొకాయన ఫొటో తీసుకోవచ్చా అని అడిగాడు.

ఫ్యాన్ తిరుగుతుంటే చప్పుడు, ఎవరి మాటా వినపడదు. ఫొటోలో కిరణం కూడా సరిగ్గా రావడం లేదు. వెంకటరత్నం గారు ఫ్యాన్ ఆపెయ్యమన్నారు. ఆపాను. పవర్ పెంచమ్మా అన్నారు. వద్దు సార్ అన్నాను. అందరి ముందూ నవ్వి, 'మా అమ్మాయికి కొంచెం భయం' అన్నారు. వాళ్ళు కూడా నవ్వారు. ఆ నవ్వు పోవాలని పెంచాను. నేనే. నా చేత్తోనే నాబ్ తిప్పాను.

ల్యాబ్ అంతా ఆకుపచ్చగా అయింది. నిజంగా అందంగానే ఉంది. 'త్రిమూర్తులూ, ఇంకొంచెం పొగ' అన్నారు సార్. త్రిమూర్తులు గారు సాంబ్రాణి గిన్నె పట్టుకుని గాజు కిటికీ దగ్గరికి వంగాడు. ఫ్యాన్ ఇంకా పూర్తిగా ఆగలేదు. మెల్లగా, మెల్లగా తిరిగి ఒక రెక్క కిరణానికి ఎదురుగా వచ్చి నిలబడింది. అద్దంలాంటి రెక్క. కెమెరాలు క్లిక్‌మన్నాయి.

త్రిమూర్తులు గారు అరవలేదు. గిన్నె మాత్రం ఒకసారి ఊగింది. నిప్పు కింద పడింది. నేను లేజర్ ఆపేశాను. కమిటీలో ఒకాయన ప్యాంటు మీద బూడిద దులుపుకున్నాడు. వెంకటరత్నం గారు జాగ్రత్త త్రిమూర్తులూ అని, వాళ్ళని పక్క ల్యాబ్‌కి తీసుకెళ్ళారు.

ఏమైందండీ అని అడిగాను. 'ఏం లేదు మేడం. ఫ్లాష్ పడ్డట్టు చుక్క కనపడతంది. ఆకుపచ్చగా ఉంది. పోద్ది లెండి' అన్నాడు. నొప్పి ఉందా అన్నాను. లేదన్నాడు. కూర్చుని కుడికన్ను నలుపుకున్నాడు. నలపకండి అన్నాను.

20 సెప్టెంబర్

చుక్క పోలేదు. నల్లబడింది.

పొద్దున ఎడమకన్ను మూసుకుని నన్ను చూడమన్నాను. చూశాడు. చాలాసేపు చూశాడు. 'మీ జడ ఉందండి, చెవులున్నాయండి. మధ్యలో మొహం లేదండి' అన్నాడు. నవ్వాడు కూడా, తప్పు తనదైనట్టు.

21 సెప్టెంబర్

దానవాయిపేటలో కంటి ఆసుపత్రికి వెళ్ళాం. సార్ కారు. ముందు సీట్లో త్రిమూర్తులు గారు, వెనక నేను. కారులో దారంతా సార్ మాట్లాడారు. కమిటీ రిపోర్ట్ ఇంకా రాలేదట. ఇలాంటి సమయంలో ల్యాబ్‌లో యాక్సిడెంట్ అంటే అందరి కడుపూ కొట్టినట్టట. వర్క్‌షాప్‌లో వెల్డింగ్ చేస్తుంటే తగిలిందని చెప్పమన్నారు. వచ్చే జనవరిలో పర్మనెంట్ చేయించే పూచీ నాది అన్నారు. త్రిమూర్తులు గారు 'ఆయ్' అన్నాడు. అద్దంలో సార్ నన్ను చూశారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. కారులో ఏదో మల్లెపూల స్ప్రే కొట్టారు. చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను.

డాక్టర్ గారు చిన్న వయసు ఆవిడ. స్కాన్ తీశారు. ఎలా తగిలిందని అడిగారు. త్రిమూర్తులు గారు వెల్డింగండి అన్నాడు. ఆవిడ స్కాన్ వైపు చూసి, మళ్ళీ ఆయన వైపు చూశారు. వెల్డింగ్ అయితే రెండు కళ్ళూ ఎర్రబడి నీళ్ళు కారతాయి, పై పొర దెబ్బ తింటుంది అన్నారు. ఇది ఒక్క కంట్లోనే ఉంది, అదీ లోపల, సరిగ్గా చూపు నిలిచే చోట, గుండుసూదితో కాల్చినట్టు ఉంది అన్నారు.

'చిన్నప్పట్నుంచీ చూపు తక్కువేనండి ఇతనికి' అన్నారు సార్.

అప్పుడు చెప్పేశాను. ఇలా చెప్తానని నేను కూడా అనుకోలేదు. లేజర్ అండి, ఆకుపచ్చది అన్నాను. పవర్ ఎంతో చెప్పాను. రెక్క మీద పడి తిరిగొచ్చిందని చెప్పాను. నాబ్ తిప్పింది నేనేనని చెప్పాను. సార్ నవ్వుతూ, అమ్మాయి కంగారు పడుతోందండి అన్నారు. డాక్టర్ గారు కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. నన్నే మళ్ళీ మొదటి నుంచి చెప్పమని కేస్ షీట్‌లో రాసుకున్నారు. షుగర్ వచ్చినవాళ్ళ కంటికి మేం ఈ రంగు లేజర్‌తోనే చికిత్స చేస్తాం, కావాలనే కాలుస్తాం, కానీ ఈ మధ్య చోటు జోలికి మాత్రం ఎప్పుడూ వెళ్ళం అన్నారు. బాగవుతుందా అని అడిగాను. వాపు తగ్గితే అంచులు కొంచెం తేరుకోవచ్చు, మధ్యలోది రాదు అన్నారు.

బయటికి రాగానే సార్ కారెక్కి వెళ్ళిపోయారు. మమ్మల్ని ఎక్కించుకోలేదు. ఆటో కోసం నిలబడ్డాం. త్రిమూర్తులు గారు నా వైపు తిరగకుండా అన్నాడు. 'మీరెందుకు నోరు విప్పారండి? కన్ను ఎలాగూ పోయింది. ఉద్యోగమన్నా మిగిలేది.'

ఆయన దగ్గర పొద్దున్నే మందు వాసన. యానాం సరుకు. అది కూడా నాకు రోత పుట్టించింది. రోత పుట్టినందుకు నా మీద నాకే పుట్టింది.

23 సెప్టెంబర్

సార్ ఒక కాగితం ముందు పెట్టారు. టెక్నీషియన్ చెప్పినా వినకుండా గాగుల్స్ తీసేశాడని. సంతకం చేస్తే వచ్చే వేసవికి థీసిస్ సబ్‌మిట్ అన్నారు. అసలు గాగుల్స్ వద్దన్నది మీరే సార్ అన్నాను. నాబ్ తిప్పింది ఎవరమ్మా అన్నారు. నేనే, అదే రాసిస్తాను అన్నాను. రాసి ప్రిన్సిపాల్ గారికీ, కమిటీకీ పంపాను. మెరిసే రెక్కల సంగతి, ఫ్యాన్ ఆపించిన సంగతి, నేను పవర్ పెంచిన సంగతి, అంతా.

24 సెప్టెంబర్

జవాబు లేదు.

17 అక్టోబర్

గ్రేడ్ వచ్చింది. మంచిదే వచ్చింది. క్యాంటీన్‌లో అందరికీ కాజాలు. నా టేబుల్ మీద కూడా ఎవరో రెండు పెట్టారు. పాకం కారి నా హాజరు రిజిస్టర్ కింద దాకా వెళ్ళింది. చీమలు పట్టాయి. నేను తుడవలేదు.

నన్ను ల్యాబ్ నుంచి తీసేశారు. ఫస్టియర్ వాళ్ళకి డ్రాయింగ్ చెప్పుకోమన్నారు. త్రిమూర్తులు గారిని స్టోర్స్‌లో కూర్చోబెట్టారు. ఇద్దరం కారిడార్‌లో ఎదురైతే ఆయన పక్కకి తప్పుకుంటాడు. కుడివైపు గోడకి భుజం తగులుతుంది. అటు గోడ ఎంత దూరమో ఆయనకింకా తెలియడం లేదు.

8 నవంబర్

కాలేజీ గేటుకి కొత్త ఫ్లెక్సీ కట్టారు. మనిషి కంటే పెద్దది. అడ్మిషన్లకి. దాని మీద ఆ రోజు ఫొటో. ఆకుపచ్చ వెలుగు, మధ్యలో వెంకటరత్నం గారు నవ్వుతూ, పక్కన కమిటీ. ఓ మూల వంగి సాంబ్రాణి గిన్నెతో త్రిమూర్తులు గారు. గాగుల్స్ ఎవరికీ లేవు. రెక్క కదలకుండా నిలబడి ఉంది. పైన పెద్ద అక్షరాలతో ప్రపంచ స్థాయి ప్రయోగశాల అని.

బస్సు దిగి రోజూ దాని కిందుగానే లోపలికి వెళ్ళాలి.

26 నవంబర్

త్రిమూర్తులు గారిని తీసేశారు. స్టోర్స్‌లో సామాను లెక్క తప్పుతోందని. కాంట్రాక్టు మనిషి కాబట్టి ఒక మాట చాలింది. జనవరి దాకా కూడా ఆగలేదు.

1 డిసెంబర్, ఆదివారం

కొట్లో నాన్న పక్కన కూర్చున్నాను. ఒకావిడ వచ్చింది. ఏం కావాలమ్మా అని నాన్న అడిగితే, ప్రసన్న మేడం గారు కావాలండి అంది. లోవలక్ష్మి, త్రిమూర్తులు గారి భార్య. కడియంలో నర్సరీలో మొక్కలకి అంట్లు కడుతుంది. వేళ్ళ చివర్లు మట్టి పట్టి నల్లగా ఉన్నాయి.

కూర్చోమంటే కూర్చోలేదు. నన్ను తిట్టడానికి వచ్చిందనుకున్నాను. తిట్టినా తిట్టు అనుకున్నాను. ఆవిడ ఫోన్ తీసి చూపించింది. గేటు దగ్గరి ఫ్లెక్సీ ఫొటో.

'మా ఆయన కన్ను పోయిన ఫొటో గేటుకి కట్టారండి వాళ్ళు. జీతం బకాయి అడగడానికెళ్ళి చూశాను. పక్కనే వాచ్‌మన్ టీ తాగుతున్నాడండి.'

కడియంలో ఎవరో లేబర్ ఆఫీసులో కేసు వెయ్యమన్నారట. పని చేస్తుంటే తగిలిందని రుజువు కావాలట. డాక్టర్ గారు కాగితం ఇస్తానన్నారట. కళ్ళతో చూసినవాళ్ళు కావాలి.

'మా ఆయన అడగొద్దన్నాడండి. ఆవిడ్నోసారి కోప్పడ్డాను, మొహం చెల్లదు అన్నాడండి. నాకు చెల్లుద్దండి. వస్తారా?'

వస్తానన్నాను. నాన్న కర్పూరం డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టారు. ఆవిడ వెళ్ళాక అన్నారు, నాబ్ నువ్వే తిప్పానంటున్నావు, రేపు అదంతా నీ మెడకే చుడతారే అని. చుట్టనివ్వండి అన్నాను. నాన్న కర్పూరం బిళ్ళలు లెక్కపెట్టి పొట్లం కట్టారు. తర్వాత, ఏ రోజో చెప్పు, కొట్టు మూసి నేనూ వస్తాను అన్నారు.

9 జనవరి 2025

లేబర్ ఆఫీసు. మెట్ల మీద పాన్ ఉమ్ములు. లోపల బల్ల మీద సగం తాగిన టీ కప్పుల్లో ఈగలు. వెంకటరత్నం గారు ఇస్త్రీ చొక్కాతో వచ్చి నా పక్క కుర్చీ రుమాలుతో తుడుచుకుని కూర్చున్నారు. బాగున్నావామ్మా అని అడిగారు. ఆ మాట చెవిలో జిడ్డులా ఉండిపోయింది.

కాలేజీ లాయర్ నన్ను అడిగాడు. పవర్ పెంచింది మీరేనా? నేనేనండి. ప్రమాదమని మీకు తెలుసా? తెలుసండి. మరి తెలిసీ ఎందుకు పెంచారు? నవ్వారండి, అందుకని అన్నాను. మంచినీళ్ళు అడిగాను. తెచ్చిన గ్లాసు లోపల పాచి పట్టి ఉంది. తాగాను.

అయితే తప్పు ఈవిడదేనండి, కాలేజీది కాదు అన్నాడు లాయర్.

ఆఫీసర్ గారు పెద్దాయన. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఈవిడ కాలేజీ మనిషి కాదా అని అడిగారు. ఆ రోజు ఈవిడకి జీతం ఇచ్చింది ఎవరు అన్నారు. లాయర్ కాగితాలు తిప్పాడు. తర్వాత లోవలక్ష్మి ఫోన్ అడిగి, ఆ ఫ్లెక్సీ ఫొటో పెద్దది చేసుకుని చూశారు. ఇందులో నవ్వుతున్నది మీరేనా అని వెంకటరత్నం గారిని అడిగారు.

ఆయన ఫొటో వంక చూసి, అవునండి అన్నారు. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

త్రిమూర్తులు గారిని పిలిచారు. వెల్డింగ్ అని మొదట ఎందుకు చెప్పావు అని అడిగారు. 'పర్మనెంట్ చేస్తానన్నారండి' అన్నాడు. అబద్ధం చెప్పాను, తప్పేనండి అన్నాడు. తాగి రాలేదు. చొక్కా కొత్తది. మడతల గీతలు కనిపిస్తున్నాయి.

10 జనవరి

గేటు దగ్గర బయోమెట్రిక్ నా వేలిని గుర్తుపట్టలేదు. తుడిచి పెట్టాను. మళ్ళీ పెట్టాను. వాచ్‌మన్ వచ్చి, మీ పేరు తీసేశారండి మేడం అన్నాడు. ఫ్లెక్సీ కూడా తీసేశారు. కట్టిన తాళ్ళు మాత్రం వేలాడుతున్నాయి.

2 ఫిబ్రవరి

సార్ పేపర్ అచ్చయింది. గాలి ఎక్కడా వెనక్కి రాలేదు. నా పాయింట్లన్నీ లైను మీద బుద్ధిగా కూర్చున్నాయి. రచయితల్లో మూడో పేరు నాది. నా పేరు చూసి ఒంటిమీద బల్లి పడ్డట్టయింది. కొలిచిన అసలు డేటా మొత్తం జతచేసి, నా పేరు తీసెయ్యమని పత్రికకి రాశాను. వాళ్ళు మర్యాదగా జవాబిచ్చారు, విచారణ చేస్తామన్నారు. మర్యాద మీద నమ్మకం పోయింది. చూద్దాం.

19 మార్చి

ఆర్డర్ వచ్చింది. పనిలో తగిలిన దెబ్బేనని, కాలేజీయే బాధ్యత వహించాలని. లోవలక్ష్మి ఫోన్ చేసి చెప్పింది. తర్వాత, మీ ఉద్యోగం సంగతేంటండి అని అడిగింది. కొట్లో కూర్చుంటున్నాను, పుణెలో ఫ్యాన్లు టెస్ట్ చేసే కంపెనీ వాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు అన్నాను. 'మీరెళ్తే మంచిదేనండి, ఈ ఊళ్ళో గాలి మంచిది కాదు' అంది. ఏ అర్థంలో అందో తెలియదు.

కాలేజీ అప్పీలుకి వెళ్తుందట. వెంకటరత్నం గారు డీన్ అయ్యారు.

6 ఏప్రిల్

శ్రీరామనవమి. కొట్లో రద్దీ. త్రిమూర్తులు గారు వచ్చాడు. నా ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా నిలబడ్డాడు. ఇప్పుడు అలాగే నిలబడతాడట, అందరి దగ్గరా.

'ఒకటి అడుగుతానండి. ఆ రోజు ఎంత వచ్చిందండి? గాలి స్పీడు?'

ఆ రోజు ఫ్యాన్ ఆపేశాం కదండీ అన్నాను. గాలే లేదు. మనం ఏదీ కొలవలేదు.

ఆయన తల ఊపాడు. వెనక జనం తోస్తున్నారు. తర్వాత వడపప్పుకి పెసరపప్పు ఉందా అని అడిగాడు. మా కొట్లో పప్పులుండవు, పక్క కొట్టు అని చెప్పాను.

పక్క కొట్టుకి వెళ్ళాడు.